గాల్‌బ్లాడర్ ఆపరేషన్ తర్వాత.. ఆ నెల రోజులే కీలకం

ఇన్‌ఫెక్షన్ బయటపడేది ఎక్కువగా ఇంటికి వెళ్లాకే
గాయాన్ని రోజూ గమనిస్తే ముప్పు దూరం

పిత్తాశయంలో రాళ్లకు కీహోల్ విధానంలో శస్త్రచికిత్స ఒకప్పుడు మహానగరాలకే పరిమితం. నేడు జిల్లా కేంద్రాల్లోనూ అందుబాటులోకి వచ్చింది. పొట్టపై పెద్ద కోత లేకుండా మూడు, నాలుగు చిన్న రంధ్రాల ద్వారా పిత్తాశయాన్ని తొలగించి, మరుసటి రోజో ఆ తర్వాతి రోజో రోగిని ఇంటికి పంపుతున్నారు. ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు తగ్గడం రోగికి మేలే. అయితే గాయాన్ని కనిపెట్టుకుని ఉండే బాధ్యత ఆ మేరకు నర్సుల నుంచి ఇంట్లోవారికి మారింది.

శస్త్రచికిత్స గాయానికి సోకే ఇన్‌ఫెక్షన్ సాధారణంగా 30 రోజులలోపు బయటపడుతుంది. అంటే గాయం చీము పట్టినా, జ్వరం వచ్చినా మొదట చూసేది వైద్యుడు కాదు, కుటుంబ సభ్యులు. ఏది మామూలు నొప్పి, ఏది ప్రమాద సూచన అన్నది వారికి తెలిసి ఉంటే చిన్న చికిత్సతో పోయే సమస్య, తెలియకపోతే రెండో ఆపరేషన్ వరకు వెళ్లవచ్చు.

ఇన్‌ఫెక్షన్ ఎలా వస్తుంది?

కాలేయం కింద చిన్న సంచిలా ఉండే పిత్తాశయంలో పైత్యరసం నిల్వ ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో ఈ రసంలో సూక్ష్మజీవులు దాదాపుగా ఉండవు. రాళ్లు చేరినప్పుడు, పిత్తాశయం వాచినప్పుడు, పైత్యరసం పారే నాళానికి అడ్డంకి ఏర్పడినప్పుడు పేగుల్లో ఉండే ఇ.కోలై, క్లెబ్సియెల్లా వంటి బ్యాక్టీరియా అందులోకి చేరుతుంది. ఆపరేషన్ సమయంలో పిత్తాశయం చిట్లితే ఆ రసం పొట్టలోనూ, గాయంపైనా పడుతుంది. మరోవైపు చర్మంపై సహజంగానే ఉండే స్టెఫైలోకాకస్ వంటి సూక్ష్మజీవులు కోత ద్వారా లోపలికి వెళ్లే అవకాశం ఉంది.

కీహోల్ శస్త్రచికిత్సలో కోతలు చిన్నవి కావడంతో, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్‌తో పోలిస్తే గాయం చీము పట్టే ముప్పు తక్కువ. అలాగని అసలు లేదనుకోరాదు. బొడ్డు వద్ద వేసే రంధ్రం విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. బొడ్డు ముడతల్లో మురికి, సూక్ష్మజీవులు దాగి ఉంటాయి. చాలా సందర్భాల్లో రాళ్లతో కూడిన పిత్తాశయాన్ని బయటకు తీసేది కూడా ఆ దారి గుండానే. వాచిన, చీము పట్టిన పిత్తాశయాన్ని చిన్న ప్లాస్టిక్ సంచిలో ఉంచి బయటకు లాగడం, జారిపడిన రాళ్లను వెతికి తీయడం ఈ ముప్పును తగ్గించేందుకే. పొట్టలో మిగిలిపోయిన రాయి నెలలు గడిచాక కూడా చీముగడ్డకు కారణం కావచ్చు.

మధుమేహ రోగులు, వృద్ధులు, స్థూలకాయులు, పొగతాగేవారు, పోషకాహార లోపం ఉన్నవారు, స్టెరాయిడ్ మందులు వాడుతున్నవారు మరింత అప్రమత్తంగా ఉండాలి. పిత్తాశయం వాచి జ్వరంతో ఉన్నప్పుడు అత్యవసరంగా ఆపరేషన్ చేయించుకున్నవారికి, కీహోల్ విధానంలో మొదలుపెట్టి మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చినవారికి కూడా ముప్పు ఎక్కువే.

జాగ్రత్త ఆపరేషన్‌కు ముందే మొదలు

ముందుగా తేదీ నిర్ణయించుకుని చేయించుకునే ఆపరేషన్ అయితే సన్నద్ధం కావడానికి సమయం ఉంటుంది. మధుమేహం ఉన్నవారు ఆ లోపు చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి. ఆపరేషన్ సమయంలో, ఆ తర్వాత రక్తంలో చక్కెర 200 మిల్లీగ్రాములు దాటకుండా చూడాలన్నది వైద్య మార్గదర్శకాల సూచన. చక్కెర పెరిగితే సూక్ష్మజీవులతో పోరాడే తెల్లరక్తకణాల శక్తి సన్నగిల్లుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. బీడీ, సిగరెట్, చుట్ట అలవాటున్నవారు కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే గాయానికి ప్రాణవాయువు బాగా అందుతుంది.

ముందు రోజు రాత్రి లేదా ఆ రోజు ఉదయం సబ్బుతో తలారా స్నానం చేయాలి. మామూలు సబ్బు సరిపోతుంది. బొడ్డు లోపలి భాగాన్ని మెత్తని గుడ్డతో శుభ్రం చేసుకోవాలి, గోళ్లు కత్తిరించుకోవాలి. పొట్టపై వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీసుకోవడం మాత్రం వద్దు. కంటికి కనిపించని గాట్లు పడి, వాటిలో సూక్ష్మజీవులు చేరతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా షేవింగ్ చేయరాదని గట్టిగా చెప్పాయి. తప్పనిసరైతే ఆస్పత్రిలో క్లిప్పర్‌తో కత్తిరిస్తారు. జలుబు, దగ్గు, మూత్రంలో మంట, చర్మంపై సెగగడ్డలు వంటివి ఉంటే దాచకుండా ముందే వైద్యుడికి చెప్పాలి.

యాంటీబయాటిక్ ఎన్ని రోజులు?

ఎక్కువ రోజులు, ఎక్కువ ఖరీదైన యాంటీబయాటిక్ వాడితే గాయం తొందరగా మానుతుందన్న నమ్మకం రోగుల్లో బలంగా ఉంది. ఇది నిజం కాదు. ఇన్‌ఫెక్షన్ నివారణకు ఇచ్చే యాంటీబయాటిక్ కోత పెట్టే సమయానికే రక్తంలో తగిన మోతాదులో ఉండాలి. అందుకే కోతకు ముందు రెండు గంటలలోపు ఒక ఇంజెక్షన్ ఇస్తారు. ఆపరేషన్ ముగిశాక కేవలం ముందుజాగ్రత్త పేరుతో దాన్ని కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఇతర జబ్బులేవీ లేనివారికి ప్రశాంతంగా జరిగే కీహోల్ ఆపరేషన్‌లో ఆ ఒక్క మోతాదు కూడా అవసరం పడకపోవచ్చు.

వాచిన పిత్తాశయానికి ఆపరేషన్ చేయించుకున్న 414 మందిపై ఫ్రాన్స్‌లో జరిగిన అధ్యయన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. వీరంతా తీవ్రత తక్కువ నుంచి మధ్యస్థంగా ఉన్నవారు. ఆపరేషన్ తర్వాత సగం మందికి అయిదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు, మిగిలిన సగం మందికి ఇవ్వలేదు. ఇచ్చినవారిలో 15 శాతం మందికి, ఇవ్వనివారిలో 17 శాతం మందికి ఇన్‌ఫెక్షన్ సోకింది. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పిత్తాశయం కుళ్లినప్పుడు, చిల్లు పడినప్పుడు, పైత్యనాళంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు మాత్రం మందులు మరిన్ని రోజులు అవసరమవుతాయి. ఎన్ని రోజులన్నది శస్త్రవైద్యుడే నిర్ణయించాలి.

వైద్యుడు రాసిన మందును మధ్యలో ఆపడం ఎంత తప్పో, రాయని మందును మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవడమూ అంతే తప్పు. అవసరం లేని యాంటీబయాటిక్ వల్ల విరేచనాలు పట్టుకుంటాయి, మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. రేపు నిజంగా ఇన్‌ఫెక్షన్ వస్తే పనిచేసే మందు కరవవుతుంది.

పరికరాల శుద్ధిలో లోపం.. నెల తర్వాత చీము

కీహోల్ ఆపరేషన్‌కు సంబంధించి అంతగా ప్రచారంలో లేని సమస్య మరొకటి ఉంది. గాయం చక్కగా మానిపోతుంది. కుట్లు తీస్తారు. మూడు, నాలుగు వారాలో, అంతకు మించో గడిచాక బొడ్డు వద్దనో, మరో రంధ్రం వద్దనో చిన్న గడ్డ కడుతుంది. అది చిట్లి నీరులాంటి చీము కారుతుంది. జ్వరం పెద్దగా ఉండదు. మామూలు యాంటీబయాటిక్‌లు వాడితే తగ్గినట్లే తగ్గి మళ్లీ మొదలవుతుంది.

ఇందుకు తరచూ కారణమయ్యేది క్షయ సూక్ష్మజీవి కుటుంబానికే చెందిన, కానీ క్షయ కలిగించని మరో రకం మైకోబ్యాక్టీరియా. ఇది నీటిలో, మట్టిలో ఉంటుంది. కీహోల్ పరికరాలు పొడవుగా, సన్నగా, కీళ్లు కీళ్లుగా ఉంటాయి. వాటిని పూర్తిగా విడదీసి కడగకుండా, రక్తపు మరకలతోనే రసాయన ద్రావణంలో ముంచితే సూక్ష్మజీవులు చావవు. రెండు శాతం గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు ఉంచితే చాలా సూక్ష్మజీవులు నశిస్తాయి గానీ, పరికరం పూర్తిగా శుద్ధి కావాలంటే 8 నుంచి 10 గంటలు పడుతుంది. ఒకే రోజు వరుసగా ఆపరేషన్లు ఉన్నప్పుడు అంత సమయం దొరకదు. ఆ తర్వాత మామూలు కుళాయి నీటితో కడిగితే మొదటికే మోసం వస్తుంది.

బ్రెజిల్‌లోని రియో డి జనీరో రాష్ట్రంలో 2006-07లో ఈ తరహా కేసులు వెయ్యికి పైగా నమోదయ్యాయి. అక్కడి సూక్ష్మజీవి గ్లుటరాల్డిహైడ్‌ను సైతం తట్టుకుంటున్నట్లు తేలింది. దీంతో ఇటువంటి పరికరాలను ద్రావణంలో ముంచి శుద్ధి చేసే పద్ధతిని 2009లో ఆ దేశం నిలిపివేసింది. మన దేశంలోని ఆస్పత్రుల నుంచి కూడా ఇలాంటి కేసులు వైద్య పత్రికలకెక్కాయి. వేడిని తట్టుకునే పరికరాలను ఆటోక్లేవ్‌లో ఆవిరి ఒత్తిడితో, తట్టుకోలేనివాటిని ఇథిలిన్ ఆక్సైడ్ వంటి వాయువుతో శుద్ధి చేయడమే సరైన మార్గం. పరికరాలను ఎలా శుద్ధి చేస్తారని ఆపరేషన్‌కు ముందు ఆస్పత్రి వర్గాలను అడిగే హక్కు రోగికి ఉంది.

మానిన గాయం మళ్లీ చిట్లితే ఊరికే కట్లు కట్టించుకుంటూ కాలయాపన చేయరాదు. ఆపరేషన్ చేసిన వైద్యుడి వద్దకే వెళ్లి చీమును, అవసరమైతే చిన్న ముక్కను పరీక్షకు పంపించాలి. మైకోబ్యాక్టీరియా పరీక్ష కోసం ప్రత్యేకంగా పంపితేనే ఇది బయటపడుతుంది. పరీక్ష లేకుండా క్షయ మందులు మొదలుపెట్టడం వల్ల ప్రయోజనం ఉండకపోవచ్చు. నిర్ధారణ అయితే దీనికి పనిచేసే మందులు వేరు. వాటిని నెలల తరబడి వాడాలి. కొందరికి చెడిన కణజాలాన్ని కోసి తీయాల్సి వస్తుంది.

ఇంటికి వచ్చాక గాయాన్ని ఎలా చూసుకోవాలి?

వైద్యుడు వేరుగా చెప్పకపోతే మొదటి 48 గంటలు డ్రెస్సింగ్‌ను కదపరాదు, తడపరాదు. ఆ తర్వాత గాయంపై నీళ్లు పడేలా స్నానం చేయవచ్చు. గాయాన్ని రుద్దకుండా, శుభ్రమైన పొడి తువ్వాలుతో అద్ది ఆరనివ్వాలి. పూర్తిగా మానే వరకు చెరువు, కాలువ, బావి నీటిలో మునగరాదు. గాయాన్ని ముట్టుకునే ముందు ఎవరైనా సరే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కడుక్కోని చేయే ఇంట్లో ఇన్‌ఫెక్షన్‌కు ప్రధాన వాహకం.

గాయంపై పసుపు, కొబ్బరినూనె, కాఫీపొడి, బూడిద, పసరు వంటివి పెట్టరాదు. పసుపులో ఔషధ గుణాలు ఉండవచ్చు గానీ, వంటింటి డబ్బాలోని పసుపు శుద్ధి చేసినది కాదు. వైద్యుడు చెప్పని పౌడర్లు, ఆయింట్‌మెంట్లు కూడా అవసరం లేదు. పైన కట్టిన పొక్కును గిల్లరాదు. అంటించిన చిన్న పట్టీలు వాటంతట అవే ఊడిపోతాయి.

దుస్తుల విషయంలోనూ శ్రద్ధ అవసరం. లంగా బొందు, చీర కుచ్చిళ్లు, లుంగీ ముడి, ప్యాంటు బెల్టు సరిగ్గా బొడ్డు దగ్గరే ఒరుసుకుంటాయి. అక్కడ చెమట పట్టి గాయం నానిపోతుంది. రెండు వారాల పాటు వదులైన నూలు దుస్తులు, మహిళలైతే నైటీ ధరించడం మంచిది. దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికి ఎండలో ఆరవేయాలి.

కొందరికి పొట్ట నుంచి సన్నని గొట్టం అమర్చి ఇంటికి పంపుతారు. దాని సంచి ఎప్పుడూ గాయం కంటే దిగువన ఉండాలి. రోజూ ఎంత ద్రవం వస్తోంది, ఏ రంగులో ఉందో కాగితంపై రాసి పెట్టుకోవాలి. పసుపు పచ్చగా, ఆకుపచ్చగా లేదా చీములా మారితే వెంటనే ఆస్పత్రికి తెలపాలి.

ఆపరేషన్ రోజు సాయంత్రం నుంచే, లేదా వైద్యుడు అనుమతించిన వెంటనే మెల్లగా నడవాలి. మంచానికే పరిమితమైతే ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా వచ్చే ముప్పుంది. పొట్ట తెరిచి ఆపరేషన్ చేయించుకున్నవారు నొప్పికి భయపడి ఊపిరి పూర్తిగా పీల్చరు. గంటకోసారి గట్టిగా ఊపిరి పీల్చి వదలడం, దగ్గేటప్పుడు పొట్టపై దిండు అదిమి పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. కీహోల్ ఆపరేషన్ తర్వాత దాదాపు రెండు వారాలు, పెద్ద కోత ఆపరేషన్ తర్వాత దాదాపు ఆరు వారాలు బరువులు ఎత్తరాదు. గాయం మానే దాకా పశువుల పాక పని, బురద పొలంలో దిగడం వాయిదా వేసుకోవాలి.

పప్పు తింటే చీము పడుతుందా?

కుట్లు వేసిన గాయం ఉన్నప్పుడు పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకం పల్లెల్లోనే కాదు, పట్టణాల్లోనూ ఉంది. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. చీము పట్టడానికి కారణం సూక్ష్మజీవులు, పప్పు కాదు. గాయం పూడటానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి. పథ్యం పేరుతో రోజుల తరబడి చారన్నం, బ్రెడ్డుతో సరిపెడితే గాయం మానడం ఆలస్యమై, ఇన్‌ఫెక్షన్‌కు మరింత అవకాశం ఏర్పడుతుంది.

ఉడికిన పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేపలు, చర్మం తీసిన కోడిమాంసం వంటివి తీసుకోవచ్చు. జామ, నారింజ, బొప్పాయి, ఆకుకూరల్లోని విటమిన్లు గాయానికి మేలు చేస్తాయి. పిత్తాశయం తీసేశాక కొన్ని వారాలు నూనె, నెయ్యి, వేపుళ్లు ఎక్కువైతే కడుపుబ్బరం, విరేచనాలు రావచ్చు. అందువల్ల వాటిని తగ్గించి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినాలి. ఇది జీర్ణక్రియకు సంబంధించిన జాగ్రత్తే తప్ప, గాయానికి సంబంధించినది కాదు. మంచినీళ్లు తాగనివ్వకపోవడం మరో పొరపాటు. మూత్రపిండ, గుండె జబ్బుల వల్ల పరిమితి ఉన్నవారు తప్ప మిగిలినవారు తగినంత నీరు తాగాలి.

ఏది మామూలు.. ఏది ప్రమాదం?

మొదటి రెండు, మూడు రోజులు కోతల వద్ద నొప్పి, కొద్దిపాటి వాపు, చుట్టూ కమిలినట్లు ఉండటం సహజం. మొదటి రోజు డ్రెస్సింగ్‌పై లేత ఎరుపు రంగు తడి కనిపించవచ్చు. కుడి భుజంలో నొప్పి వస్తే కంగారు పడనక్కర్లేదు. ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ వాయువు వల్ల అది వస్తుంది, రెండు, మూడు రోజుల్లో తగ్గుతుంది. ఇవన్నీ రోజు రోజుకూ తగ్గుముఖం పట్టాలి. తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగిందంటే ఏదో జరుగుతోందని అర్థం.

గాయం చుట్టూ ఎరుపు పాకుతున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, గట్టిపడినా, చీము లేదా దుర్వాసనతో కూడిన ద్రవం కారుతున్నా, కుట్లు విడిపోయినా ఆలస్యం చేయరాదు. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినప్పుడు కూడా అంతే. రోజూ ఒకే సమయంలో గాయాన్ని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే నిన్నటికీ నేటికీ తేడా స్పష్టంగా తెలుస్తుంది, వైద్యుడికి చూపడానికీ పనికొస్తుంది.

పైకి గాయం బాగున్నా లోపల ముప్పు

అన్ని ఇన్‌ఫెక్షన్లు చర్మంపై కనిపించవు. పైత్యరసం లోపల కారుతుంటే మొదటి వారంలోనే కడుపు ఉబ్బడం, నొప్పి పెరగడం, వాంతులు, జ్వరం మొదలవుతాయి. కాలేయం కింద చీముగడ్డ ఏర్పడినా ఇవే లక్షణాలు. పైత్యనాళంలో రాయి మిగిలిపోతే కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది, మలం తెల్లమట్టి రంగులో వస్తుంది. దీనికి చలితో కూడిన జ్వరం తోడైతే నాళంలో ఇన్‌ఫెక్షన్ మొదలైనట్లే. అది రక్తంలోకి పాకితే గంటల వ్యవధిలో ప్రాణాపాయం ఏర్పడుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. కళ్లు పచ్చబడగానే కామెర్లని భావించి పసరు మందు కోసమో, వాత కోసమో వెళుతున్నారు. ఆపరేషన్ తర్వాత వచ్చే కామెర్లు చాలావరకు నాళంలో అడ్డంకి వల్లనో, నాళానికి తగిలిన గాయం వల్లనో వచ్చినవి. వాటికి పసరు మందు లేదు. రక్త పరీక్ష, స్కానింగ్, అవసరమైతే ఎండోస్కోపీ ద్వారా రాయిని తొలగించడమే మార్గం. అలాగే జ్వరం రాగానే ఊళ్లోని ఆర్‌ఎంపీతో ఇంజెక్షన్ చేయించుకుంటే తాత్కాలికంగా జ్వరం దిగి, అసలు జబ్బు లోలోపల ముదురుతుంది. చలిజ్వరం, కామెర్లు, ఆగని వాంతులు, గట్టిపడిన పొట్ట, ఆయాసం, మగత.. వీటిలో ఏది కనిపించినా 108కు ఫోన్ చేసి ఆస్పత్రికి చేరాలి. వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలు తప్పనిసరిగా వెంట ఉండాలి.

డిశ్చార్జి రోజున అడిగి తెలుసుకోండి

* ఆపరేషన్ కీహోల్ విధానంలో పూర్తయిందా, పొట్ట తెరవాల్సి వచ్చిందా?
* పిత్తాశయం చిట్లిందా, చీము ఉందా, రాళ్లన్నీ బయటకు వచ్చాయా?
* డ్రెస్సింగ్ ఎప్పుడు మార్చాలి, స్నానం ఎప్పుడు చేయాలి?
* కుట్లు తీయాలా, వాటంతట అవే కరుగుతాయా? తీయాలంటే ఎన్నో రోజున రావాలి?
* యాంటీబయాటిక్ ఉందా? ఉంటే ఎన్ని రోజులు?
* మధుమేహం, రక్తపోటు, రక్తం పలుచబడే మందులు తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలి?
* రాత్రివేళ ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

సాధారణంగా వారం, పది రోజులకు మళ్లీ చూపించుకోవాలని చెబుతారు. నొప్పి లేదు కదా అని ఈ పరీక్షను చాలామంది ఎగ్గొడుతున్నారు. రానుపోను చార్జీలు, ఒక రోజు కూలి పోతాయన్న ఆలోచన సహజమే. అయితే ముదిరిన ఇన్‌ఫెక్షన్‌కు అయ్యే ఖర్చు, పోయే పని దినాలు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. శుభ్రమైన చేతులు, పొడిగా ఉన్న గాయం, అదుపులో ఉన్న చక్కెర, కడుపు నిండా పోషకాహారం, రోజుకోసారి గాయంపై ఒక చూపు.. ఖర్చులేని ఈ అయిదింటినీ నెల రోజులు పాటిస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు చాలావరకు తగ్గుతుంది. వచ్చినా తొలి దశలోనే పట్టుబడుతుంది.